చర్ల మిరపనారు, నా ఎనిమిది కాగితాలు

ఈ ప్రయాణం నేను అసూయతో చేశాను. ఆ మాట మొదటే చెప్పేయడం మంచిది. దాచిపెట్టి రాస్తే గోదావరి గురించీ, వెదురు కొమ్ముల కూర గురించీ నాలుగు మంచి మాటలు రాసి ఊరుకుంటాను, అసలు సంగతి మిగిలిపోతుంది. ఇంట్లో మాత్రం భద్రాచలం రాముడి దర్శనానికని చెప్పి బయల్దేరాను.

పుట్టింది గుంటూరులో, ఉద్యోగం హైదరాబాదులో. మొక్కల మీద పరిశోధన నా పని. ఇరవై రెండేళ్లుగా ఒకే ఒక్క ఎంజైము వెంట పడుతున్నాను. మొక్కకి తెగులు సోకితే మనకి లాగా రక్తంలోంచి రక్షకులు పరిగెత్తి రారు. ప్రతి కణమూ తన పొరలోనే ఈ ఎంజైమును పెట్టుకుని కూర్చుంటుంది. అవసరం వచ్చినప్పుడు అది మామూలు ఆక్సిజన్‌కి ఒక ఎలక్ట్రాన్‌ని అంటగట్టి దాన్ని పదునెక్కిస్తుంది. అందులోంచే హైడ్రోజన్ పెరాక్సైడ్ పుడుతుంది. దెబ్బ తగిలిన చోట కాంపౌండరు పోస్తే బుసబుసమని నురగ వచ్చేది అదే. ఆ మందుని మొక్క తానే తయారుచేసుకుని తెగులు మీద ప్రయోగిస్తుంది, పక్క కణాలకి కబురు కూడా దాంతోనే పంపుతుంది. మోతాదు మించిందో, తన ఆకుని తానే కాల్చుకుంటుంది. ఆ చివరి లక్షణం నాలోనూ ఉందని మా వాళ్లంటారు.

నీరజ నాకన్నా ఎనిమిదేళ్లు చిన్నది. ఆకుని నలగకుండా ఎలా కోయాలో ఆమెకి నేర్పింది నేను. రెండేళ్ల క్రితం ఆమె భద్రాచలం దాటి, చర్ల అవతల ఒక అడవి ఊళ్లో ఒక పొట్టి మిరప రకాన్ని పట్టుకుంది. దాని ఆకుకి సూది గుచ్చితే పుట్టే పెరాక్సైడ్ మేమెవరమూ ఎన్నడూ చూడనంత. ఆకుని ఒక పొడి కలిపిన నీళ్లలో నానబెట్టి, తర్వాత స్పిరిట్లో మరిగిస్తే పచ్చదనం మొత్తం పోతుంది. పెరాక్సైడ్ ఉన్న చోట గోధుమరంగు మచ్చ మిగులుతుంది. నీరజ తన పరిశోధన వ్యాసంలో అచ్చువేసిన ఫొటోల్లో ఆకు సగానికి సగం గోధుమరంగే. ఇక సన్మానాలు, ఉపన్యాసాలు, శాలువాలు. చివరికి మా విభాగానికి అధిపతిగా ఆమె పేరు పైకి వచ్చింది. సోమవారం ఇంటర్వ్యూ. ఆ కుర్చీ నాదని నేను ఆరేళ్లుగా అనుకుంటున్నాను.

ఆమె ఇచ్చిన గింజలతోనే నేను మూడుసార్లు చేసి చూశాను. గాజు గదిలో, చెయ్యి తగలకుండా, గాలి కూడా సోకకుండా పెంచాను. మూడుసార్లూ మామూలు ఆకే, మామూలు మచ్చే. అంటే ఫొటోలు దిద్దిందన్నమాట. ఆ మాటే ఎనిమిది పేజీల ఫిర్యాదుగా టైపు చేశాను. సాక్ష్యం ఒక్కటి దొరికితే సోమవారానికి ముందే పెద్దల చేతికి చేర్చాలి. సాక్ష్యం ఎక్కడ వెతకాలో నీరజే చెప్పింది, ఆ వ్యాసం చివర కృతజ్ఞతల్లో. ఖమ్మం రేకు పనివాడు సలీం, పినపాక రైతు వెంకన్న, గింజ ఇచ్చిన జోగమ్మ. ఆకు కోయడం నేర్పిన నా పేరు అందులో లేదు. ఆగస్టు చివరి వారంలో ఆ ముగ్గురినీ వెతుక్కుంటూ బస్సెక్కాను.

కుసుమంచి

సూర్యాపేట దాటి ఖమ్మం వెళ్లే దారిలో కుసుమంచిలో దిగాను. గణపేశ్వరుడి గుడి పాతది, రాతిది. లోపల లింగం ఎంత పెద్దదంటే మెడ పైకెత్తి దండం పెట్టాలి. మా గుంటూరు వైపు గుళ్లల్లో సున్నాలు, రంగులు కళ్లు చెదరగొడతాయి. ఇక్కడ రాయి రాయిలాగే ఉంది, చల్లగా.

కొబ్బరికాయ ముప్పై రూపాయలు. గోత్రం చెప్పి, కళ్లు మూసుకుని, నీరజ ఫలితం అబద్ధమై ఉండాలని మొక్కుకున్నాను. దేవుణ్ని ఇలాంటివి అడగకూడదని తెలుసు. అయినా స్పష్టంగానే అడిగాను, అస్పష్టంగా అడిగితే ఇంకేదైనా ఇస్తాడేమోనని.

ఖమ్మం

సలీం కొట్టు పాత బజారులో, నాలుగడుగుల వెడల్పు. తాత కాలం నుంచీ రేకు డబ్బాలు, గరాటులు, జల్లెడలు చేస్తున్న కుటుంబం. ఆకులు నలగకుండా పట్టుకెళ్లే అరల పెట్టె కావాలని అడిగాను. ఇంకా కొలతలు చెప్పకముందే ఆయన మొహం విచ్చుకుంది.

"నీరజ మేడం తీస్కపోయిన డబ్బా లెక్కనా? గిట్ల మూత మీద చిల్లులు గొట్టి, లోపల మూడు అరలు? అవ్, నేనే చేసిన. ఆమెకు తెల్సినోళ్లా మీరు?"

"తెలుసు" అన్నాను ముక్తసరిగా.

"కూసోండి, జల్దీ అయితది. మస్తు మంచి మనిషి. మా చిన్నోనికి పరీక్షలప్పుడు ఫోన్ల పాఠం చెప్పింది."

గంటన్నర సుత్తి మోత మధ్య కూర్చున్నాను. లోపల్నుంచి వాళ్లావిడ ఇరానీ చాయ్, రెండు ఉస్మానియా బిస్కెట్లు పంపింది. చాయ్ బాగుంది. నీరజకి కూడా ఇదే కప్పులో ఇచ్చి ఉంటారనిపించగానే చక్కెర ఎక్కువైనట్టు తోచింది. పెట్టెకి నాలుగు వందల యాభై తీసుకున్నాడు. నీరజ దగ్గర ఎంత తీసుకున్నాడని అడగబోయి నోరు కట్టేసుకున్నాను.

పినపాక

మణుగూరు దాటి పినపాక చేరేసరికి ముసురు పట్టింది. వెంకన్న పొలం రోడ్డుకి దగ్గర్లోనే. చదువుకున్న రైతు, మాటకారి. నల్ల షేడ్‌నెట్ కింద ప్లాస్టిక్ ట్రేల్లో నారు పెంచుతాడు. లోపలికి అడుగుపెట్టాలంటే చెప్పులు విడవాలి, చేతులు కడగాలి, ఏ మొక్కనూ తాకకూడదు. పైనుంచి పొగమంచులా నీళ్లు పడతాయి. చూడగానే నా గాజు గది గుర్తొచ్చి ముచ్చటేసింది.

"చర్ల మిరప వేశారటగా, ఎలా ఉంది?" అని తేలిగ్గా అడిగినట్టు అడిగాను.

వెంకన్న తల దించుకున్నాడు. "ఏం జెప్పాలె మేడం. రెండేండ్లు ఏసిన. రెండేండ్లు ఆకుమచ్చ వచ్చి సచ్చిపోయినయ్. జోగమ్మ కాడ సూస్తే ఒక్క మచ్చ గూడ లేదు. గదే గింజ, గదే గోదారి గాలి. నీరజ మేడంకు ఫోన్ల జెప్పబుద్ధి గాలే, బాధపడ్తదని."

నాకు కలిగిన సంతోషాన్ని ఇక్కడ ఉన్నదున్నట్టు రాయాలంటే సిగ్గుగా ఉంది. పక్కమనిషి పంట పోయిందని చెబుతుంటే లోపల పండగ చేసుకున్నాను. సాక్ష్యం దొరికింది! ఆ మధ్యాహ్నం వాళ్లింట్లో గోదావరి చేపల పులుసుతో రెండుసార్లు అన్నం కలుపుకున్నాను. మా వైపు చేపల పులుసులో మామిడికాయ వేస్తాం. వీళ్లు చింతపండు, మెంతిపొడితో సరిపెడతారు. ఆ పూట నాకు ఏదైనా రుచిగానే ఉండేది.

అక్కణ్నుంచే వెనక్కి తిరిగి ఉండాల్సింది. కానీ జోగమ్మ దగ్గర కూడా ఆకులు తీసి, అక్కడా ఏమీ లేదని చూపిస్తే ఫిర్యాదుకి తిరుగుండదనిపించింది. అత్యాశే నన్ను చర్లకి తీసుకెళ్లింది.

చర్ల దారి

భద్రాచలం వంతెన మీంచి గోదావరి ఎర్రగా, నిండుగా కనిపించింది. రాముడికి బయటి నుంచే దండం పెట్టాను. చర్ల దాటాక రోడ్డు ఉండీ లేనట్టు ఉంటుంది. పోలీసు క్యాంపు దగ్గర ఆటో ఆపి నా సంచి తెరిపించారు. సీసాలు, సూదులు, పొడి, స్పిరిట్ చూసి కానిస్టేబులు కనుబొమలు ముడిపడ్డాయి.

"ఏంది మేడం ఇవన్ని? ఈ సీసల ఏముంది?"

"పెరాక్సైడ్, గాయాలకి పోస్తారే, అది. మా పరీక్ష సరిగ్గా పనిచేస్తోందో లేదో చూసుకోవడానికి." అతని బొటనవేలి మీద గీసుకున్న దెబ్బ ఉంటే రెండు చుక్కలు వేశాను. తెల్లగా నురగ వచ్చింది. పక్కనున్న వాళ్లంతా చుట్టూ మూగారు.

"మిరప మేడం తాలూకా గావచ్చు సార్" అన్నాడు ఒకడు. "ఆ మేడం మనకు నారు గూడ ఇచ్చిపోయింది గద, క్యాంపు ఎనక పెట్టినం."

అడవిలో తుపాకులు పట్టుకున్న వాళ్లు కూడా నీరజ మనుషులే! ఒళ్లు మండిపోయింది. ముందున్న వాగు ఆటో దాటదంటే దిగి, ఆ మంటలోనే చూసుకోకుండా నీళ్లలోకి అడుగేశాను. నాచు మీద జారి నడుం లోతులో కూలబడ్డాను. ఆటో నడిపే సోమయ్య చెయ్యిచ్చి లాగాడు. రేకు పెట్టె బతికింది, సీసాలు బతికాయి. నోటుపుస్తకం మాత్రం ముద్దయింది. ఫిర్యాదు పొడిగానే ఉంది, దాన్ని రెండు ప్లాస్టిక్ కవర్లలో చుట్టి పెట్టుకున్నాను మరి.

జోగమ్మ నారుమడి

పాతిక ఇళ్ల ఊరు. ఇళ్లల్లో వాళ్లు కోయ మాట్లాడుకుంటారు, మనతో తెలుగు. జోగమ్మకి అరవై దాటి ఉంటాయి. మనిషి సన్నగా, గట్టిగా ఉంది, కొంచెం కుంటుతోంది. తడిసి ముద్దయి వచ్చిన నన్ను చూసి ఒక్క ప్రశ్న కూడా అడగకుండా పొయ్యి దగ్గర కూర్చోబెట్టి, చీర ఇచ్చి, జొన్న అంబలి ఇచ్చింది. తర్వాత లేత వెదురు కొమ్ముల కూర. చేదు పోయేలా రెండుసార్లు నీళ్లు వంచి వండుతారట. మా ఇంట్లో వెదురుతో నిచ్చెనలే చేసుకుంటాం.

మర్నాడు తెల్లవారగానే నారుమడి దగ్గరికి వెళ్లాను. కర్రల మీద ఎత్తుగా కట్టిన మట్టిమడి, నిండా జానెడు నారు. చేతులకి రబ్బరు తొడుగులు తొడుక్కుని, పట్టకారు తీశాను. జోగమ్మ నా చేతుల కేసి చూసింది.

"గవేంది బిడ్డా? నా నారుకేమన్న రోగమొచ్చిందా, తొడుగులేసుకొని ముడ్తన్నవ్?"

"అలా కాదు అవ్వా. మా చేతి ప్రభావం మొక్క మీద పడకూడదని."

"సెయ్యి పడకపోతే మొక్కెట్ల లేస్తది?" అని ఆమె నవ్వి, నన్ను పక్కకి జరగమంది. తర్వాత అరచేతిని వెడల్పుగా చాచి, నారు మీద ఆనించి, మడి ఈ చివర నుంచి ఆ చివరకి నెమ్మదిగా లాగింది. నారు మొత్తం వంగి మళ్లీ లేచింది. అలా పదిసార్లు. నిద్రపోయే పిల్లల్ని లేపినట్టు ఏదో కోయలో గొణిగింది.

"రోజూ చేస్తావా?"

"గింజ మొలిసినకాడ్నుంచి పీకి నాటేదాంక. మా అత్త సేసేది. ఇంటికొచ్చినోళ్లు గూడ సెయ్యాలె. నీరజ తొమ్మిది దినాలుంది, తొమ్మిది దినాలు నాతోపాటు నిమిరింది. రా, నువ్వు గూడ నిమురు."

పట్టకారు కింద పెట్టేశాను. తాకితే, వంచితే, రుద్దితే ఆకులో ఆ ఎంజైము కదులుతుందని మా వృత్తిలో అందరికీ తెలిసిందే. రోజూ కదిలిస్తే తెగులు రాకముందే మొక్క కాచుకుని ఉంటుందనీ తెలుసు. నాకూ తెలుసు. తెలిసే, అది అడ్డు రాకూడదని గాజు గది కట్టుకున్నాను. వెంకన్న అదే శుభ్రతతో షేడ్‌నెట్ వేసుకున్నాడు. గింజలో లేనిదాన్ని ఇద్దరం గింజలో వెతికాం.

రెండు మళ్లు

నమ్మబుద్ధి కాలేదు, నమ్మాలనీ లేదు. పక్కింటి రాధ కూడా జోగమ్మ ఇచ్చిన గింజే చల్లింది, అదే రోజున. కానీ మొలక లేవకముందే జ్వరం పట్టి, అప్పట్నుంచీ భద్రాచలం దవాఖానాలో ఉంది. నీళ్లు పోసే మనిషి ఉన్నాడు గానీ నిమిరే వాళ్లు లేరు. ఇంతకన్నా మంచి పోలిక నేను కోరుకున్నా దొరకదు.

రెండు మళ్లల్లోంచీ పన్నెండేసి మొక్కలు. ఒకే సూది, ఆకుకి మూడేసి గుచ్చులు. ఆకులు నానబెట్టే పొడి విషం కనక ఇంటికి దూరంగా, చింతచెట్టు కింద పెట్టుకున్నాను. పొద్దున నానబెట్టిన ఆకుల్ని సాయంత్రం వేడినీళ్ల గిన్నెలో స్పిరిట్ సీసా ఉంచి మరిగించాను. స్పిరిట్ పచ్చబడుతూ, ఆకులు తెల్లబడుతూ వచ్చాయి.

రాధ మడి ఆకుల మీద సూది గుచ్చిన చోట ఆవగింజంత మచ్చ, నా గాజు గదిలో వచ్చినట్టే. జోగమ్మ మడి ఆకులు సగానికి సగం గోధుమరంగు. నీరజ ఫొటోల్లో చూసి నేను తిట్టుకున్న రంగు అదే, ఒక వీసం తేడా లేదు.

ఏడుపొచ్చింది. ఆనందం కాదు, పశ్చాత్తాపమూ కాదు. నీరజ మోసం చేయలేదని తెలిసిన బాధ అది.

లెక్కలు అక్కడికక్కడే రాసుకోవాలి. నోటుపుస్తకం ముద్ద. ఊళ్లో తెల్లకాగితం లేదు. సంచిలో పొడిగా మిగిలినవి ఎనిమిది కాగితాలే, ఒకవైపు మాత్రమే టైపు చేసినవి. వాటిని తిప్పి, మొక్క మొక్కకీ గుచ్చు గుచ్చుకీ మచ్చ కొలత రాశాను. ఎనిమిదో కాగితం చివరికి వచ్చేసరికి వెలుగు సరిపోలేదు, జోగమ్మ లాంతరు తెచ్చి పట్టుకుంది.

"నీరజ గూడ గిట్లనే రాసేది" అంది.

మర్నాడు బయల్దేరే ముందు తొడుగులు లేకుండా ఒకసారి నారు నిమిరాను. అరచేతికి చల్లగా, గిలిగింతగా తగిలింది. ఇరవై రెండేళ్లలో మిరప మొక్కని ఒట్టి చేత్తో ముట్టుకోవడం అదే మొదటిసారి.

సిగ్నల్ దొరికిన చోట

చర్లలో టీకొట్టు దగ్గర ఫోను బతికింది. శనివారం. నీరజకి చేశాను.

"అక్కా! ఎక్కడున్నారు?"

"చర్లలో."

ఆ ఊరి పేరు పలకడాన్ని నేను ఆస్వాదించాను, అబద్ధం ఎందుకు. "మీకు తెలిసిపోయిందన్నమాట. అక్కడి నుంచి తెచ్చిన నారుతో వచ్చింది అక్కా, గింజ వేసి పెంచితే రావట్లేదు. ఏడాది నుంచి. ఎవరికీ చెప్పలేకపోయాను. సోమవారం వాళ్ల ముందే చెప్పేస్తాను, ఆ వ్యాసం వెనక్కి తీసుకుంటున్నానని. కుర్చీ మీదే."

ఫిర్యాదు కూడా అక్కర్లేదు. నేను సరేనని ఫోను పెట్టేస్తే చాలు. పది రూపాయల టీ చల్లారుతోంది. ఆరేళ్ల కల చేతికందే దూరంలో ఉంది, చూసింది చెప్పకపోవడమే నేను చేయాల్సింది.

చెప్పేశాను. రెండు మళ్లూ, రాధ జ్వరం, అరచెయ్యి, అన్నీ. మంచితనంతో చెప్పానని రాసుకోవచ్చు గానీ అది నిజం కాదు. ఆ గోధుమరంగు ఎక్కణ్నుంచి వస్తోందో నాకు తెలిసింది, ఆ తెలియడంలోని రుచి పూర్తిగా అర్థమయ్యే మనిషి నాకు తెలిసి ఆమె ఒక్కతే. చెప్పకుండా ఉండలేకపోయాను.

నీరజ ఏడ్చింది, నవ్వింది, తర్వాత అడిగింది. "జోగమ్మ మోకాలు ఎలా ఉంది అక్కా? పోయినేడు వాపుండేది. నూనె పంపాను, రాస్తోందా?"

ఆమె కుంటడం నేను చూశాను. ఎందుకని అడగలేదు.

తిరిగొచ్చాక

"రాసుకున్న కాగితాలు ఇస్తారా, సోమవారం చూపిస్తాను" అని ఫోనులోనే అడిగింది నీరజ. మా వృత్తిలో మొదట చేత్తో రాసిన కాగితమే అసలు. తిరగరాసింది చెల్లదు. ఈ నియమం మీద పట్టుబట్టి ఎంతమంది విద్యార్థుల్ని ఏడిపించానో లెక్క లేదు. నీరజని కూడా.

బస్సులో ఖమ్మం దాకా ఆలోచించాను. కాగితాలు తడిశాయని అబద్ధం చెప్పవచ్చు. ముందువైపు సిరా పూసేయవచ్చు. కుసుమంచి దాటుతుంటే గుడి వైపు చూసి, నేను అడిగింది ఇవ్వకపోతే ఇవ్వకపోయావు, ఇది ఎందుకిచ్చావని కోప్పడ్డాను.

ఆదివారం సాయంత్రం ఆమె ఇంటికి వెళ్లి ఎనిమిది కాగితాలూ చేతికిచ్చాను. నిలబడే చదివింది. ముందు నా చేతిరాత, వరసగా ఎనిమిది పేజీలు, కళ్లు మెరుస్తూ. తర్వాత కాగితాలు తిప్పింది. మొదటి వాక్యంలోనే ఆమె పేరుంది, పక్కనే మోసం అనే మాట ఉంది. నాలుగో పేజీ దగ్గర కుర్చీలో కూర్చుంది. ఎనిమిదో పేజీ దాకా ఒక్క మాటా వదల్లేదు. నేను గోడ గడియారం చూస్తూ నిలబడ్డాను.

చదివి ముగించి, సొరుగులోంచి చిల్లులు కొట్టే మిషను తీసింది. కాగితాల అంచులు సరిచేసి, చిల్లులు కొట్టి, జోగమ్మ మడి వైపు పైకి వచ్చేలా ఫైల్లో పెట్టింది. ఆ తర్వాత పెన్ను నా చేతికిచ్చి, "తేదీ కింద సంతకం పెట్టలేదు అక్కా. సంతకం లేని కాగితం చెల్లదని మీరే నేర్పారు" అంది.

ఎనిమిదింటి మీదా సంతకం పెట్టాను.

ఆమె స్థానంలో నేనుంటే మర్నాడు పెద్దల ముందు ఆ కాగితాలు ఏ వైపు పైకి వచ్చేలా పెట్టేదాన్నో నాకు బాగా తెలుసు. ఆమెకీ తెలుసు. అందుకే, ఇంత దూరం వెళ్లొచ్చాక కూడా, నీరజని చూస్తే నా కడుపు మండుతూనే ఉంది.